మోత ఎక్కడ ముడిపడింది?

ఆషాఢం బోనాలకు చిలకలగూడ కట్టమైసమ్మ గుడి చుట్టుపక్కల గల్లీలన్నీ మైకులతో మోగిపోతాయి. పాట ఆగి, మైకు పట్టుకున్నాయన గొంతు సవరించుకునేలోపు హారన్లలోంచి సన్నగా ‘గుయ్’మని వినిపిస్తుంది. డప్పు మళ్లీ అందుకోగానే జనం దాన్ని మరిచిపోతారు. ఆంప్లిఫయర్‌ను ఇంట్లో సొంతంగా కట్టినవాడికి మాత్రం పండగంతా అదే వినబడుతుంది.

కోఠీ గుజరాతీ గల్లీలో పార్టులు కొనుక్కొచ్చి, రేకు పెట్టెలో బిగించి, సోల్డర్ పెట్టేవాళ్లు ముందుగా అనుమానించేది ట్రాన్స్‌ఫార్మర్‌నే. దాన్ని మార్చేస్తారు. మోత మారదు. చాలాసార్లు మార్చాల్సింది అది కూర్చున్న తీరును, దాని వైర్లు ముడిపడిన చోటును.

మోతను మొదట చెవితో వేరుచేయాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ దాటాక మిగిలే అల 100 హెర్ట్జ్. కాస్త పదునుగా 100 దగ్గర మోగితే ఫిల్టర్ కెపాసిటర్ల సంగతి చూడాలి. లోతుగా 50 దగ్గర మోగితే దారి వేరు: పవర్ ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ చుట్లలోకి దూరుతుండాలి, లేదా ఎర్త్ తీగలు రెండు దారుల్లో కలిసి వలయంగా మారి ఉండాలి.

మొదటిదానికి ఒక పాత పద్ధతి ఉంది, దాన్ని మించింది ఇంకా రాలేదు. పెట్టెకు రంధ్రాలు వేయకముందే, 230 వోల్టుల టెర్మినళ్లకు స్లీవులు తొడిగి, పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రమే కరెంటు ఇస్తారు. ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి హెడ్‌ఫోన్ తగిలించి, దాన్ని పక్కన పెట్టి అటూ ఇటూ తిప్పుతూ వింటారు. ఒక్కచోట మోత దాదాపు మాయమవుతుంది, ఎక్కువగా రెండింటి చుట్లూ ఒకదానికొకటి లంబకోణంలో ఉన్నప్పుడు. అక్కడ పెన్సిల్ గీత గీస్తారు. డ్రిల్లు ఆ తర్వాతే.

మైక్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఈ శ్రద్ధ మరీ అవసరం. 1:10 నిష్పత్తిలో చుట్టినది మైకు ఇచ్చే మిల్లీవోల్టులను పదింతలు చేస్తుంది. అన్ని చుట్లున్నది కాబట్టి చుట్టూ ఉన్న మోతనూ లాక్కుంటుంది. అందుకే దానికి మ్యూమెటల్ డబ్బా తొడుగుతారు. ఆ డబ్బాను వంచినా, సుత్తితో కొట్టినా అడ్డుకునే గుణం తగ్గిపోతుంది.

ఇక ఎర్త్ వలయం. లాప్‌టాప్ ఒక ఇంటి ప్లగ్గులో, ఆంప్లిఫయర్ పక్కింటి ప్లగ్గులో ఉంటాయి. రెండిళ్ల ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉంటే చాలు, షీల్డ్ వైరు వాటిని కలపగానే అందులోంచి కరెంటు పారుతుంది. దీనికి మందు 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. పాట అయస్కాంతం ద్వారా అటు దాటుతుంది, లోహపు బంధం మాత్రం తెగిపోతుంది. ఇంత మంచి వస్తువును తెచ్చి, ఇన్‌పుట్ జాక్‌నూ ఔట్‌పుట్ జాక్‌నూ ఒకే రేకుకు బిగించేస్తారు. తెగిన బంధం రేకు ద్వారా మళ్లీ అతుక్కుంటుంది. ఇన్‌పుట్ జాక్‌కు ఒక ప్లాస్టిక్ వాషర్ వేసి ఉంటే సరిపోయేది.

ఇదే సమస్యను రైల్వేవాళ్లు ఊరంత కొలతలో ఎదుర్కొన్నారు. చిలకలగూడ పక్కనే ఉన్న సికింద్రాబాద్ స్టేషన్‌కు 1874లో రైలు వచ్చింది. ఇప్పుడు రైళ్లను నడిపించేది 25,000 వోల్టుల, 50 హెర్ట్జ్ కరెంటు. అది తిరిగి వెళ్లేటప్పుడు పట్టాల్లోంచి భూమిలోకి పాకి, పక్కన సాగే టెలిఫోన్ తీగల్లో మోత పుట్టించగలదు. అందుకని ఇలాంటి మార్గాల్లో అవసరమైన చోట 1:1 బూస్టర్ ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టి, ఆ కరెంటును భూమిలోకి పోనీయకుండా పైన కట్టిన మరో తీగలోకి మళ్లిస్తారు.

మోత పోవాలని కొందరు మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ తీగను కత్తిరిస్తారు. మోత నిజంగానే పోతుంది, అందుకే ఆ అలవాటు చావడం లేదు. రేపు ప్రైమరీ చుట్టు ఇన్సులేషన్ కాలితే 230 వోల్టులు రేకు మీదికి, అక్కడి నుంచి షీల్డ్ గుండా మైకు పిడి మీదికి వస్తాయి. ఆషాఢపు వానలో తడి నేల మీద నిలబడి దాన్ని పట్టుకునేది ఎవరో ఒక మనిషి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెండింటికంటే పొడుగ్గా చేసిందే అది అన్నిటికంటే ముందు తగిలి, చివర ఊడాలని. ఈ ఒక్క విషయంలో రాజీ కూడదు.

కాబట్టి మూత బిగించేముందు ప్లగ్గు పీకి, కేబుళ్లన్నీ ఊడదీసి మల్టీమీటర్‌తో రెండు చోట్ల చూడాలి. రేకుకూ ప్లగ్గు ఎర్త్ పిన్నుకూ మధ్య బీప్ రావాలి. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిన ఇన్‌పుట్ జాక్ షీల్డుకూ రేకుకూ మధ్య రాకూడదు. వచ్చిందంటే వాషర్ చిట్లి ఉంటుంది, లేదా షీల్డ్ పోగు ఒకటి ఎక్కడో రేకుకు తగులుతుంటుంది. టార్చి వేసి ఆ పోగును వెతికి కత్తిరించాలి.