స్క్రాచ్‌కి కీబోర్డు, గొంతుకు కంప్యూటర్

తెలుగు సినిమా పాటల్లో చాలావాటికి ట్యూను ముందు, మాట తరవాత. సిట్టింగులో కుదిరిన బాణీని ‘తననన’ అనో, డమ్మీ మాటలతోనో పాడించి గీత రచయితకు పంపుతారు. అదే స్క్రాచ్. పల్లవి ఎక్కడ ఎత్తుకోవాలో, చరణంలో ఊపిరి ఎక్కడ ఆగుతుందో అందులో తెలిస్తే చాలు, మిక్సింగ్ అదిరిపోనక్కర్లేదు. ఇంట్లో డెమో చేసుకునేవాళ్లకూ కొలబద్ద ఇదే. వర్క్‌స్టేషన్ కీబోర్డా, కంప్యూటరా అన్న పేచీని కూడా దీంతోనే తేల్చాలి.

1988లో జపాన్ కంపెనీ కోర్గ్ ‘ఎమ్1’ను తెచ్చింది. వాద్యాల శబ్దాలు, డ్రమ్స్, ఎఫెక్టులు, వాయించిన స్వరాలను గుర్తుంచుకుని మళ్లీ పలికించే ఎనిమిది ట్రాకుల సీక్వెన్సర్ అన్నీ ఒకే పెట్టెలో. సింథసైజర్‌కి సీక్వెన్సర్ జోడించిన ఎన్‌సోనిక్ ఈఎస్‌క్యూ-1 అప్పటికే 1986లో వచ్చింది గానీ, వర్క్‌స్టేషన్ అన్న మాటకు రూపం కట్టింది ఎమ్1. అందులోని ఒక ఆర్గాన్ శబ్దం రాబిన్ ఎస్ పాడిన 1993 హిట్ ‘షో మీ లవ్’లో ప్రపంచమంతా మోగింది. ఆ తరవాత 1999లో కోర్గ్ ట్రైటన్, 2001లో యమహా మోటిఫ్ పదహారు ట్రాకులతో వచ్చాయి.

వర్క్‌స్టేషన్ మీద పనిచేసే పద్ధతి తేలికే. ముందు టెంపో, తాళం పెట్టుకోవాలి. మిశ్ర చాపులో పాట కడుతూ మీటరు 4/4లోనే వదిలేస్తే బార్ గీతలు తాళంతో కలవవు. తరవాత కాపీ, పేస్ట్ అంతా గందరగోళం. ముందే 7/8 పెట్టేయాలి. ఆపైన నాలుగు బార్లు లూప్‌లో తిప్పుతూ కిక్, స్నేర్, హైహ్యాట్ ఒక్కొక్కటే పేర్చాలి. తరవాత బేస్, కార్డ్స్, చివర లీడ్. చెయ్యి తడబడితే స్వరాలను తాళానికి సర్దే క్వాంటైజ్ ఉంది. తిస్ర నడకకు ట్రిప్లెట్ గ్రిడ్ ఎంచుకోవాలి. వేలికి అందని వేగమైన బిట్ ఉంటే స్టెప్ రికార్డింగ్‌లో ఒక్కో స్వరం నింపుకోవచ్చు. లీడ్‌ని మాత్రం క్వాంటైజ్ చేయొద్దు. స్వరం కాస్త వెనకపడి రావడంలో ఉన్న సొగసు అక్కడే పోతుంది.

అసలు పరీక్ష గమకం దగ్గర. తోడి గాంధారాన్ని ఊపకుండా ఒక కీ నొక్కి నిలబెడితే అది తోడి అనిపించుకోదు. అందుకే మన కీబోర్డు వాద్యకారుల ఎడమ చెయ్యి పిచ్ బెండ్ మీదే ఉంటుంది. మామూలుగా బెండ్ పరిధి రెండు సెమీటోన్లు. రాగాన్ని బట్టి దాన్ని మార్చుకోవాలి. ఇంకో చిక్కు: కీబోర్డులు, కంప్యూటర్లు స్వరాల సమాచారం పంచుకునే మామూలు మిడీలో బెండ్ ఒక స్వరానికి కాదు, చానెల్ మొత్తానికి వర్తిస్తుంది. కార్డ్స్, లీడ్ ఒకే చానెల్‌లో ఉంటే లీడ్‌తోపాటు కార్డ్స్ కూడా వంగిపోతాయి. విడివిడి ట్రాకులు, విడివిడి చానెళ్లు తప్పనిసరి. కంప్యూటర్‌లో ఇదే గమకాన్ని మౌస్‌తో గీతలా గీయొచ్చు. గీసిన గమకం కన్నా చేత్తో పలికిన గమకమే వినసొంపు.

కంప్యూటర్ ఆలస్యంగా వచ్చిందేమీ కాదు. 1989లోనే అటారీ ఎస్‌టీ కంప్యూటర్ మీద క్యూబేస్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ నడిచింది. 1996లో అదే క్యూబేస్‌తో ఎఫెక్టులను సాఫ్ట్‌వేర్‌గా జోడించే వీఎస్‌టీ ప్లగిన్లు మొదలయ్యాయి. 2004లో ఆపిల్ గ్యారేజ్‌బ్యాండ్ తెచ్చాక ఇంటి రికార్డింగ్ అందరిదీ అయింది. గొంతు విషయంలో కంప్యూటర్‌కు తిరుగులేదు. నాలుగైదు టేకులు పాడి, ఒక్కో టేకులో బాగున్న ముక్క ఏరి ఒకటిగా కూర్చడం పాత వర్క్‌స్టేషన్లకు చేతకాని పని. చాలావాటిలో గొంతును ట్రాకుగా రికార్డు చేసే వీలే లేదు.

కంప్యూటర్‌కు లేటెన్సీ అనే జబ్బుంది. 44,100 శాంపిల్ రేటులో బఫర్ 256 అయితే దాదాపు 6 మిల్లీసెకన్ల ఆలస్యం. 1024కి పెంచితే 23 దాటుతుంది, వాయించే చెయ్యి తొట్రుపడుతుంది. రికార్డింగ్‌లో బఫర్ తగ్గించి, మిక్సింగ్‌లో పెంచుకోవాలి. విండోస్ వాళ్లు ఆలస్యం తగ్గించే ఆసియో డ్రైవర్ వేసుకోవాలి. అంతకన్నా పెద్ద జబ్బు శబ్దాల సముద్రం: వందల కిక్ శాంపిళ్లలో ఒకటి ఎంచేలోగా ట్యూను ఎగిరిపోతుంది!

కీబోర్డుకూ దాని బాధలున్నాయి. చిన్న తెర, మెనూలో మెనూ. ట్రైటన్, మోటిఫ్ తొలి మోడళ్లలో సేవ్ చేయకముందే కరెంటు పోతే పాటా పోయినట్టే.

ఇల్లే స్టూడియో కావడంలో ఉన్న బలానికి మన దగ్గర పెద్ద ఉదాహరణ ఏ.ఆర్. రెహమాన్. ఇళయరాజా, రాజ్-కోటి వంటివారి దగ్గర కీబోర్డు వాయించిన ఆయన చెన్నైలో ఇంటి పెరట్లోనే పంచతన్ రికార్డ్ ఇన్ కట్టుకున్నారు. అక్కడ తయారైన పాటలతోనే 1992లో ‘రోజా’ వచ్చింది.

తీర్పు చెప్పమంటే, బాణీ పుట్టే గంటకు వర్క్‌స్టేషనే మేలు. స్విచ్ వేయగానే పలుకుతుంది, నోటిఫికేషన్లు రావు, ట్రాకులు పదహారే కాబట్టి పని త్వరగా తెగుతుంది. తరవాత పాటను స్టాండర్డ్ మిడీ ఫైలుగా కంప్యూటర్‌లోకి దించి, అక్కడ గొంతు ఎక్కించాలి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ప్రతి కీ నొక్కి చూడండి; ఫ్లాపీ మోడలైతే పాట బయటికి తీసే దారి ఉందో లేదో ముందే కనుక్కోండి. స్క్రాచ్ పంపేటప్పుడు ఫైలు పేరులో టెంపో, శ్రుతి రాయడం మరవకండి.