అందమైన గొంతు వద్దన్న వెర్డీ

1848లో నేపుల్స్‌లో ‘మాక్బెత్’ ఒపెరా వేసే సన్నాహాలు జరుగుతున్నాయి. రాజును చంపమని భర్తను పురిగొల్పే లేడీ మాక్బెత్ పాత్రకు యుజేనియా తదొలీని అనే పేరుమోసిన గాయనిని ఎంచుకున్నారు. సంగతి తెలిసి స్వరకర్త జుసెప్పె వెర్డీ ఒక ఉత్తరం రాశాడు. ఆవిడ చూడ్డానికి చక్కగా ఉంటుంది, పాట ఎక్కడా వంక పెట్టలేనంత బాగా పాడుతుంది, అందుకే ఈ పాత్రకు సరిపోదని అందులో వాపోయాడు. అతనికి కావలసింది కరకుగా, పూడుకుపోయినట్టుగా, చీకటి కమ్మినట్టుగా ఉండే గొంతు.

గాత్రం అనగానే మాధుర్యం కోసం వెతుక్కునే చెవులు మనవి. ఒపెరా మీద నాకు ఇష్టం కుదిరింది మాత్రం ఈ ఉత్తరంలో ఉన్న పేచీ వల్లే. గొంతు తియ్యగా ఉందా లేదా అన్నది అక్కడ రెండో ప్రశ్న. ఆ గొంతు ఆ పాత్రదిగా ఉందా అన్నది మొదటిది.

ఒపెరా పుట్టింది ఇటలీలో, పదహారో శతాబ్దం చివర. ప్రాచీన గ్రీకు విషాదనాటకాలను పాడుతూ ఆడేవారని నమ్మిన ఫ్లోరెన్స్ పండితులు, సంగీతజ్ఞులు అలాంటిది తామూ చేయాలనుకున్నారు. రాజాస్థానాల్లో మొదలైన ఈ వేడుక 1637లో వెనిస్‌లో టికెట్టు కొన్నవారందరి ముందుకూ వచ్చింది. నాటకశాలలు పెరిగాయి, ఆర్కెస్ట్రాలు పెరిగాయి. వాటితోపాటు గాయకుడి కష్టమూ పెరిగింది. ఎందుకంటే ఒపెరాలో మైకు ఉండదు.

మైకులు రాకముందు మన పద్యనాటక నటులూ ఆఖరి వరసదాకా వినిపించేలా పాడినవాళ్లే. అయితే వాళ్ల పక్కన ఉండేది హార్మోనియం, తబలా. ఒపెరా గాయకుడి ముందు అరవై డెబ్బై వాద్యాలుంటాయి. గట్టిగా అరిస్తే నాలుగు రోజుల్లో గొంతు పోతుంది తప్ప వాటిని గెలవడం కుదరదు. గెలుపు బలంలో లేదు, ధ్వని పంపకంలో ఉంది. ఆర్కెస్ట్రా శబ్దబలం ఎక్కువగా 500 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. సాధన చేసిన గాయకుడు స్వరపేటికను కాస్త దించి, దాని పైనున్న కుహరాన్ని విశాలం చేసి, 3000 హెర్ట్జ్ దగ్గర తన నాదాన్ని పోగు చేసుకుంటాడు. మన చెవి చురుగ్గా పట్టుకునేదీ ఆ ప్రాంతాన్నే. స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ దీన్ని కొలిచి చూపించాడు. స్త్రీల పైస్థాయికి ఈ కిటుకు పనికిరాదు. పైస్థాయి గాయనులైన సొప్రానోలు దవడ బాగా తెరిచి, నోటిలోని అనునాదాన్ని తాము పాడే స్వరానికి జత చేస్తారు. తారస్థాయిలో వాళ్ల మాటలు అర్థం కాకపోవడానికి కారణం అదే. అచ్చు మారకుండా నోరు అంత తెరుచుకోదు.

దీని కింద ఉన్న పునాది శ్వాస. పీల్చిన గాలి ఒక్కసారిగా బయటికి పోకుండా పక్కటెముకలను విప్పారించి ఉంచి, కొద్దికొద్దిగా వదలాలి. శ్వాస ఎంత లొంగిందో చూడాలంటే పాత గురువులు ఒకే స్వరం పాడించేవారు. వినపడీ వినపడనట్టు మొదలుపెట్టి, ఆగకుండా పెంచి, నిండుగా మోగించి, మళ్లీ మొదటికి తేవాలి. నాదం ఎక్కడా వణకకూడదు, శ్రుతి జారకూడదు. ఇది గురువు ఎదుట కూర్చుని నేర్వవలసిన విద్య. 2023లో యునెస్కో ఇటలీ ఒపెరా గానాన్ని మానవజాతి సాంస్కృతిక వారసత్వాల్లో చేర్చింది.

విద్య పాతదైనా అభిరుచి మాత్రం నిలకడగా లేదు. 1829లో పారిస్‌లో స్వరకర్త రొస్సీని ఒపెరా ‘విలియం టెల్’ వేసినప్పుడు అడోల్ఫ్ నూరీ అనే టెనర్ (పైస్థాయి పురుష గాయకుడు) పైస్వరాలను తేలికైన గొంతుతో, సున్నితంగా పాడాడు. జనం మెచ్చుకున్నారు. 1837లో అదే వేదికపై అదే పాత్రలో గిల్బర్ట్ డ్యుప్రే ఆ పైస్వరాల్లోని తారషడ్జాన్ని ఛాతీ బలంతో, నిండుగొంతుతో మోగించాడు. రొస్సీనికి అది నచ్చలేదు, జనానికి పిచ్చి పట్టింది. నూరీ ఇటలీ వెళ్లి కొత్త పద్ధతి నేర్చుకోవాలని చూశాడు, కుంగిపోయాడు, 1839లో నేపుల్స్‌లో ప్రాణం తీసుకున్నాడు. ఈనాడు ఏ టెనరైనా ఆ స్వరాన్ని నూరీలా పాడితే బలం చాలలేదంటారు. మన ఇష్టాల్లో మన సొంతం ఎంత, మనకు ముందు చప్పట్లు కొట్టినవారిది ఎంత అన్న ప్రశ్న అందుకే నన్ను వదలదు.

మళ్లీ లేడీ మాక్బెత్ దగ్గరికి వద్దాం. నాలుగో అంకంలో ఆమె నిద్రలో నడుస్తుంది. వైద్యుడూ పరిచారికా చాటున నిలబడి చూస్తుంటారు. చేతికి అంటిందనుకున్న, నిజానికి లేని రక్తాన్ని ఆమె తుడుచుకుంటూ ఉంటుంది. తీగవాద్యాలు గుసగుసలాడుతుంటే ఇంగ్లిష్ హార్న్ అనే సుషిరవాద్యం మూలిగినట్టు ఒకే చిన్న పలుకును మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. పాట ముక్కలుగా సాగుతుంది. నిద్రలో మాట్లాడే మనిషికి వాక్యం పూర్తి కాదు కదా! చివర స్వరం అమాంతం పైకి ఎగబాకుతుంది. ఎవరైనా అక్కడ గొంతెత్తి చప్పట్లు కొట్టించుకోవాలనుకుంటారు. వెర్డీ మాత్రం దాన్ని దారమంత సన్నగా పాడాలని స్వరపత్రంలోనే రాసిపెట్టాడు. 1847లో మొదట ఈ పాత్ర వేసిన మరియన్నా బార్బియేరి నీని, పెదవులు కదిలీ కదలనట్టు నిద్రలో మాట్లాడేవారిని అనుకరించడానికి మూడు నెలలు పట్టిందని తర్వాత చెప్పుకుంది.

ఈ దృశ్యానికి నా ఓటు మరియా కల్లాస్‌కే. 1952 డిసెంబర్ 7న మిలాన్ లా స్కాలాలో ఆమె పాడిన రికార్డింగు దొరుకుతుంది. నాణ్యత అంతంతమాత్రం. ఆమె గొంతు కూడా అన్ని స్థాయుల్లో ఒకేలా ఉండదు. కింద బరువుగా, మధ్యలో కాస్త పూడుకున్నట్టు, పైన కత్తిలా వినిపిస్తుంది. మరో పాత్రలో లోపమయ్యేది ఇక్కడ చెదిరిన మనసు అవుతుంది. వెర్డీ అడిగింది సరిగ్గా దీన్నే.

ఆ రోజుల్లో లా స్కాలా అభిమానులు కల్లాస్ పక్షం, రెనాటా తెబాల్ది పక్షం అని చీలిపోయి తగువులాడుకునేవారు. తెబాల్దిది ఎక్కడా అతుకు కనిపించని, వెచ్చని గొంతు. వెర్డీదే మరో ఒపెరా ‘ఒతెల్లో’లో డెస్డెమోనా చావుకు ముందు ప్రార్థన చేసే ఘట్టానికి ఆమెను మించినవారు నాకు కనబడరు. ఏ పాపమూ ఎరగని మనిషికి మచ్చలేని గొంతు కావాలి. అక్కడ మాధుర్యం అలంకారం కాదు, పాత్ర స్వభావం. కాబట్టి ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న తగువులో నేను దిగను. ఏ పాత్రకు అన్నది తేలనిదే ఆ ప్రశ్నకు జవాబు లేదు.

కొత్తగా వినేవారు మూడు గంటల ఒపెరాతో మొదలుపెట్టనక్కర్లేదు. కథ ముందే చదువుకుని, ఒకే దృశ్యాన్ని ఇద్దరు గాయనుల గొంతులో వెంటవెంటనే వినండి. ఎవరు తియ్యగా పాడారో మొదటిసారే తెలిసిపోతుంది. ఎవరు అబద్ధమాడుతున్నారో, ఎవరు భయపడుతున్నారో, ఎవరికి పశ్చాత్తాపం మొదలైందో తెలియడానికి మరో రెండుసార్లు పడుతుంది. ఆ తర్వాత మీరు ఎవరి పక్షం చేరినా, అది అరువు తెచ్చుకున్న ఇష్టం కాదు.