సెవెన్ ఐరన్ పనితనం

ముడసర్లోవ కొండల పక్కనున్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో వైజాగ్ ఓపెన్ లాంటి ప్రొఫెషనల్ టోర్నీలు జరుగుతాయి. అక్కడ ఆటగాళ్లూ క్యాడీలూ మాట్లాడుకునే హోజెల్, లై, బౌన్స్, స్లైస్, డివట్ లాంటి మాటలు కొత్తవాళ్లకు ఓ పట్టాన అంతుపట్టవు. వాటిని బట్టీ పట్టడం కంటే ఒక్క క్లబ్‌ను, అంటే బంతిని కొట్టే కర్రను, చేతిలోకి తీసుకుని తీరిగ్గా చూడటం మేలని నా నమ్మకం. స్టీల్ ప్లాంట్ బ్లాస్ట్ ఫర్నేస్‌లకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న ఊరు మనది. మంచి ఉక్కు పనిని మెచ్చుకోవడం మనకు ఒకరు నేర్పాలా?

నిబంధనల ప్రకారం బ్యాగులో 14 క్లబ్‌లకు మించి ఉండకూడదు. వాటిలో సెవెన్ ఐరన్ తీయండి. పొడవు దాదాపు 37 అంగుళాలు. పైన రబ్బరు గ్రిప్, మధ్యలో కిందికి వచ్చేకొద్దీ సన్నబడే షాఫ్ట్, కింద పావుకిలో పైచిలుకు బరువున్న తల. షాఫ్ట్ దిగే మెడ హోజెల్. దానివైపు మడమ హీల్, అవతలి కొస టో, నేలకు ఆనే అడుగు సోల్, బంతిని తాకే చదును ఫేస్. ఆ ఫేస్ వెనక్కి వాలిన కోణమే లాఫ్ట్. ఇప్పటి సెవెన్ ఐరన్లలో అది 30 డిగ్రీల అటూఇటూ ఉంటుంది. బంతి ఎంత ఎత్తు లేవాలో చాలావరకు ఆ వాలే తేలుస్తుంది.

ఫేస్ మీద అడ్డంగా సన్నటి గాళ్లు ఉంటాయి, వాటిని గ్రూవ్స్ అంటారు. గోటితో గీసి చూస్తే తప్ప వాటి లోతు తెలియదు. వెడల్పు 0.9 మిల్లీమీటర్లు, లోతు 0.508 మిల్లీమీటర్లు దాటకూడదని నియమం. తడి గడ్డిలో దెబ్బ వేసినప్పుడు నీరూ పసరూ ఆ గాళ్లలోకి జారిపోతేనే ఫేస్ బంతిని పట్టుకుంటుంది, బంతికి వెనక్కి తిరిగే స్పిన్ వస్తుంది. క్యాడీ ప్రతి దెబ్బ తర్వాత తడిగుడ్డతో ఫేస్ తుడిచేది ఇందుకే.

తల తయారీలో రెండు దారులున్నాయి. మెత్తటి కార్బన్ స్టీల్ కడ్డీని ఎర్రగా కాల్చి, అచ్చులో పెట్టి సుత్తిదెబ్బలతో సాగదీస్తే ఫోర్జ్‌డ్ ఐరన్. జపాన్‌లో హిమేజీ ఈ పనికి పేరుపడ్డ చోటు. మైనంతో నమూనా చేసి, పింగాణీ పొర కట్టి, మైనం కరిగించి ఆ ఖాళీలో ఉక్కు పోస్తే క్యాస్ట్ ఐరన్. దేవుడి పంచలోహ విగ్రహాలు పోసేదీ ఈ సూత్రంతోనే. పింగ్ కంపెనీ పెట్టిన ఇంజనీరు కార్‌స్టెన్ సోల్‌హైమ్, తల మధ్య నుంచి బరువు తీసి అంచులకు తోశాడు. దాంతో బంతి ఫేస్ నడిమి స్వీట్ స్పాట్‌కు కాస్త పక్కన తగిలినా తల మెలిక తిరగడం తగ్గింది. నేర్చుకునేవాళ్లకు అది నిజంగా పెద్ద మేలు.

అయినా నాకు ముచ్చటేసేది ఫోర్జ్‌డ్ తలే. ఆటగాడి ఎత్తుకూ నిలబడే తీరుకూ తగ్గట్టు హోజెల్‌ను డిగ్రీ, రెండు డిగ్రీలు వంచుకోవచ్చు. షాఫ్ట్ నేలతో చేసే ఆ కోణమే లై. కుడిచేతి ఆటగాడికి లై మరీ నిటారుగా ఉంటే బంతి ఎడమకు పోతుంది.

సోల్‌కూ ఓ కథ ఉంది. బంకర్ అనే ఇసుక గుంటలో సోల్ ముందంచు నాగలి కర్రులా దిగబడిపోయేది. ఆటగాడు జీన్ సారజెన్ తన క్లబ్ అడుగున లోహం అతికి, సోల్ వెనకవైపు కిందికి ఉబ్బేలా అరగదీసి, 1932లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఆ ఉబ్బు కోణమే బౌన్స్.

ఇక స్వింగ్. బంతి ముందు నిలబడితే అడ్రెస్, క్లబ్ వెనక్కి ఎత్తితే బ్యాక్‌స్వింగ్. కిందికి దిగేటప్పుడే అసలు విద్య. బరువు ముందుకాలి మీదికి జరుగుతుంది, నడుము ముందు తిరుగుతుంది, తర్వాత భుజాలు, చేతులు, అన్నిటికన్నా వెనక క్లబ్ తల. ఆ వెనకబాటే ల్యాగ్. 46 గ్రాముల లోపు బంతి ఫేస్ మీద ఉండేది సెకనులో దాదాపు రెండువేలో వంతు. ఆ క్షణానికి ఫేస్ ఎటు చూస్తుంటే బంతి ఇంచుమించు అటే బయల్దేరుతుంది. తల కదిలే దారికి ఫేస్ తెరుచుకుని ఉంటే కుడిచేతి ఆటగాడి బంతి కుడివైపు వంపు తిరుగుతుంది, అది స్లైస్. మూసుకుని ఉంటే ఎడమకు, అది హుక్.

బంతిని పైకి లేపాలని కొత్తవాళ్లు కిందనుంచి ఎగదోస్తారు. ఐరన్‌తో అది కుదరదు. తల ఇంకా కిందికి దిగుతుండగానే బంతి తగలాలి, లేపే పని లాఫ్ట్ చూసుకుంటుంది. అందుకే డివట్ అనే మట్టిపెళ్ల బంతి ఉన్న చోటుకు ముందుభాగంలో లేవాలి. వెనక లేచిందంటే దెబ్బ ముందుగా నేలకు తగిలినట్టే.

సముద్రపు గాలి వీచే మన ఊళ్లో పాత ఫోర్జ్‌డ్ సెట్టు కొనేవాళ్లు మొదట గ్రూవ్స్ అంచులు చూడాలి. క్రోమ్ పూత అరిగిన చోటే తుప్పు మొదలవుతుంది. తర్వాత ఫేస్ మీద అరుగుడు మచ్చ ఎక్కడుందో చూడండి. అది మడమ వైపు జరిగి ఉంటే పాత యజమాని బంతికి మరీ దగ్గరగా నిలబడి ఆడి ఉండొచ్చు. అది అతని అలవాటే గాని క్లబ్ లోపం కాదు, తుప్పు లేకపోతే ధైర్యంగా కొనుక్కోవచ్చు.