గ్లాస్గో యిఱుకుసందుల ఛాయాచిత్రములు: పాఠవిమర్శ

కావ్యమును విమర్శించువారు దాని కృతిపతి యెవ్వఁడని మొదట విచారింతురు. ఛాయాచిత్రములకును ఆ విచార మావశ్యకమని థామస్ అనన్ (1829–1887) తీసిన గ్లాస్గో చిత్రములు తెలుపుచున్నవి.

పందొమ్మిదవ శతాబ్దమున స్కాట్లండునందలి గ్లాస్గో నగరమునకుఁ గూలిపనికై వేలకొలఁది జనులు వచ్చి చేరిరి. హైస్ట్రీటు మొదలగు పాతవీధులలో మేడల నడుమనుండి లోపలికిఁ బోవు ఇఱుకుసందులను అచ్చటివారు ‘క్లోజు’లందురు. వాని కిరువైపుల నున్న గదులే శ్రామికుల నివాసములు. 1866 నాఁటి చట్టము ననుసరించి సుమారు 88 ఎకరముల ప్రదేశమున నీ యిండ్లను గొని పడఁగొట్టుటకై యొక ట్రస్టు ఏర్పడెను. ఆ ట్రస్టే అనన్‌ను నియోగించి 1868 మొదలు 1871 వఱకు నీ చిత్రములను దీయించెను. కావున పడఁగొట్టఁ బూనినవారే వీనికిఁ గృతిపతులు.

చిత్రములలో రాతిగోడలు, తడిసిన నేల, సందున కడ్డముగా నాఱవేసిన బట్టలు స్పష్టముగ నున్నవి. వెలుతురు చాలక కెమేరాను చాలసేపు తెఱచి యుంచవలసి వచ్చుటచే, కదలిన మనుష్యులు పొగవలెఁ జెదరిరి; కదలక నిలిచినవారే దక్కిరి. గదుల లోపలిభాగము చూపఁబడలేదు.

లోపలి జీవనమునకు సాక్ష్యము వేఱొకటి గలదు. 1862 నాఁటి పోలీసుచట్టము చొప్పున అధికారులు చిన్నయిండ్లను గొలిచి, ఎందఱుండవచ్చునో సూచించు రేకుబిళ్ళను తలుపునకుఁ గొట్టిరి. పెద్దవారి కొక్కొక్కరికి 300 ఘనపుటడుగులు పరిమితి. రాత్రివేళ తనిఖీదారులు వచ్చి నిద్రించువారిని లెక్కించుచుండిరి. చిత్రము గోడను జూపెను. బిళ్ళ మనుష్యుని లెక్కించెను. రెంటినిఁ జేర్చి చదివిననే యా గృహముల చరిత్ర బోధపడును.

ఇఁక పాఠాంతరములు. 1878–79 నాఁటి కార్బను ప్రతులలోఁ గొన్నిచోట్ల ఆకాశమున మేఘములు చేర్పఁబడినవి. ఆఱవేసిన బట్టలు తెల్లగా దిద్దఁబడినవి. అనన్ మరణానంతరము, 1900లో, ఆయన కుమారుఁడు జేమ్స్ క్రెయిగ్ అనన్ ఈ చిత్రములను ఫొటోగ్రావ్యూరు పద్ధతిని మరల వెలువరించెను. పడఁగొట్టుటకు ముందు సాక్ష్యముగాఁ బుట్టినది పాతనగరమునకు జ్ఞాపిక యయ్యెను.

దిద్దుబాటు చిత్రమునకు శోభ గూర్చినమాట నిజమే. కాని బట్టల మాపు పొగవలన వచ్చినదో, వెలుతురు లేమివలనఁ దోఁచినదో విచారించుటకుఁ దొలిప్రతియందే యవకాశము గలదు. దిద్దినప్రతి యా ప్రశ్ననే తుడిచివైచినది. ఎంత రమణీయమైనను ప్రక్షిప్తము ప్రక్షిప్తమే. చరిత్రకారునకుఁ దొలిపాఠమే ప్రమాణము.