కాళ్ల మీద లాల

పసిబిడ్డకు నీళ్లు పోయడానికి కూర్చునే పెద్దమ్మ ముందుగా గాలి ఎటు నుంచి వస్తోందో చూస్తుంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ములకలపల్లి చుట్టుపక్కల అడవి అంచు ఊళ్లలో చలికాలం పొద్దున పూట చలి ఎముకల్లోకి దిగుతుంది. అందుకే బారెడు పొద్దెక్కి, వాకిట్లో ఎండ పరుచుకున్నాక దడి చాటున పీట వేస్తారు. తువ్వాలు, పొత్తిగుడ్డలు, తొడిగే చొక్కా అన్నీ చేతికందేలా పెట్టుకున్నాకే బిడ్డ ఒంటిమీది గుడ్డ తీస్తారు.

అసలు నేర్పు కాళ్లలో ఉంది. పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల పైకి మడిచి, కాళ్లు బారచాపి, రెండు కాళ్ల నడుమ పల్లంలో బిడ్డను వెల్లకిలా పడుకోబెడుతుంది. బిడ్డ తల ఆమె పాదాల మీద కాస్త ఎత్తుగా, ముఖం ఆమె కళ్లకు ఎదురుగా ఉంటుంది. నీళ్లు అటూ ఇటూ జారిపోతాయే తప్ప బిడ్డ కింద నిలవవు. టబ్బులో సబ్బు చేతుల్లోంచి పసికందు జారుతుందేమోనన్న భయం ఇక్కడ లేదు. పైగా పోసిన ప్రతి చెంబూ బిడ్డ మీదా ఆమె కాళ్ల మీదా కలిసే పడుతుంది. వేడి హెచ్చిందో తగ్గిందో ఆమె చర్మానికి వెంటనే తెలుస్తుంది. బకెట్లో ముందు చన్నీళ్లు పోసి, ఆ తర్వాతే వేన్నీళ్లు కలుపుతారు. నాట్లు వేసి, తునికాకు కోసి మొద్దుబారిన అరచేతికి వేడి సరిగా తెలియదు కాబట్టి మోచేయి ముంచి చూస్తారు.

తెలిసిన చేయి ఒళ్లు ముందు కడిగి తలను చివరికి ఉంచుతుంది. పసివాళ్ల ఒంట్లో తలే పెద్దది. తడి తలలోంచి వేడి త్వరగా పోతుంది. నుదుటి మీద అరచేయి అడ్డం పెట్టి పోస్తే నీళ్లు కళ్లలో పడవు. బోర్లా తిప్పినప్పుడు ఛాతీ అరచేతిలోకి, గడ్డం మణికట్టు మీదికి వస్తుంది. ముక్కుకూ నోటికీ ఏదీ అడ్డుండదు. మెడ ముడతల్లో, చంకల్లో, గజ్జల్లో పాలచారలు, చెమట చేరి ఒరుస్తాయి గనక అక్కడ వేలితో మెల్లగా కడగాలి. ఇదంతా అయిదు నిమిషాలకు మించదు. చివరి చెంబుతో దిష్టి తీసి ‘శ్రీరామరక్ష’ అంటారు. భద్రాద్రి రాముడి నీడన ఉన్న ఈ ఊళ్లలో ఆ మాట మనసులోంచే వస్తుంది.

నూనె సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఇక్కడి ఇళ్లలో కొబ్బరి, నువ్వుల నూనెలతో పాటు ఆముదం, ఇప్ప పలుకుల నుంచి తీసిన నూనె కూడా పాతకాలం నుంచీ ఒంటికి వాడుకలో ఉన్నవే. నూనె రాయడం వల్ల మేలేమిటని అడిగేవాళ్లకు ఢాకా శిశు ఆసుపత్రిలో జరిగిన పరీక్ష ఒక జవాబు. నెలలు నిండక పుట్టిన పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఆసుపత్రిలో సోకే జబ్బులు 41 శాతం తగ్గాయని 2005లో ప్రకటించారు. పలుచని చర్మానికి నూనె ఒక కవచం అవుతుంది. నలుగుపిండితో రుద్దడం మాత్రం ఆ కవచాన్ని గీరేయడమే. పసితనంలో దాన్ని పక్కన పెట్టాలి.

నాకు ఈ ఆచారంలో అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది మరొకటి. రోజూ ఒకే మనిషి, ఒకే వెలుగులో, బిడ్డను తల నుంచి కాలి దాకా చూసి తడుముతుంది. కళ్లు పచ్చబడ్డాయా, బొడ్డు చుట్టూ ఎర్రబడిందా, చీము పొక్కులు లేచాయా, నిన్న కాళ్లు ఆడించినంత బలంగా ఇవాళ ఆడిస్తోందా అన్నది ఆ చేతులకే ముందు తెలుస్తుంది. “ఒళ్లు చల్లబడ్డది, పాలు తాగుతలేదు” అని ఆమె అంటే ఇంట్లోవాళ్లు ఆగకూడదు. ములకలపల్లి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బయలుదేరాల్సిందే.

కానీ పుట్టిన వెంటనే పోసే నీళ్ల విషయంలో పాత పద్ధతి మారక తప్పదు. కడుపులో బిడ్డ 37 డిగ్రీల వెచ్చదనంలో ఉండి తడి ఒంటితో బయటికి వస్తుంది. బరువుతో పోల్చి చూస్తే దాని చర్మం వైశాల్యం మనకంటే చాలా ఎక్కువ. ఆ గంటల్లో స్నానం చేయిస్తే ఒళ్లు చల్లబడుతుంది, పాలు తాగే సత్తువ తగ్గుతుంది. ఒంటి మీది తెల్లటి జిడ్డు పూత మురికి కాదు, చర్మానికి రక్షణ. కనీసం 24 గంటలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడిస్తే చాలు. బరువు తక్కువ పిల్లలకు తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు ఆనించి ఉంచడమే మందు. కొలంబియా రాజధాని బొగోటా డాక్టర్లు 1978లో మొదలుపెట్టిన ఈ పద్ధతి ఇప్పుడు మన ఆసుపత్రుల్లోనూ ఉంది.

ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం, ముక్కులోకి ఊదడం, చనుమొనలు పిండడం, మూసిన గదిలో సాంబ్రాణి పొగ పట్టడం, బొడ్డుకు పసుపో బూడిదో అద్దడం, ఇవన్నీ మానేయాలి. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. ప్రేమతో చేసినా హాని హానే.

ప్రాణహిత అవతల, మహారాష్ట్రలోని గడ్చిరోలి పల్లెల్లో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు ఊరి ఆడవాళ్లకే పసికందుల సంరక్షణ నేర్పించారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లోకానికి చూపించారు. ఆ అనుభవమే 2011లో దేశమంతటా ఆశ కార్యకర్తల ఇంటి సందర్శనలకు దారి వేసింది. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశ ఇంటికి వస్తుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్న గుత్తికోయల దాకా ఆమె నడిచి వెళ్లాలి. ఆ రాకల్లో ఒక్కటైనా నీళ్లు పోసే వేళకు కుదిరితే ఎంతో పని జరుగుతుంది. థర్మామీటరు ఆశ చేతిలో, బిడ్డ పెద్దమ్మ కాళ్ల మీద, పక్కనే బాలింత. మూడో కాన్పుకో నాలుగో కాన్పుకో పెద్దమ్మ లేకపోవచ్చు. కాబట్టి మొదటి కాన్పులోనే, బొడ్డు ఊడిన వారానికి, పెద్దమ్మ లేచి ఆ పీట మీద తల్లిని కూర్చోబెట్టి, పక్కన ఉండి చెంబు అందించాలి.