పొమ్మనడానికి పెట్టే ఖర్చు

ఈ వారం మా మేనల్లుడు తెచ్చిన కాగితం చూసి ఒళ్లు మండింది. వాడు తెనాలిలో పచ్చళ్లు పట్టించి అమెరికాలోని తెలుగువాళ్లకు పంపుతుంటాడు. ఆ కాగితం వాడి ప్రకటనలు చూసే ఏజెన్సీ నెలనెలా పంపే రిపోర్టు. గూగుల్‌లో ఇంత ఖర్చు, మైక్రోసాఫ్ట్ వాళ్ల బింగ్‌లో ఇంత, ఇన్ని క్లిక్కులు, ఇన్ని ఆర్డర్లు.

"బింగ్‌లో క్లిక్కు చవక మామయ్యా. డబ్బంతా అటు మార్చేయనా?" అన్నాడు.

చవక అన్న మాట వినపడితే జేబు తడుముకోవడం నాకు పాత అలవాటు. "ముందు జనం ఏం టైపు చేస్తే మన ప్రకటన కనపడిందో ఆ జాబితా తియ్యరా" అన్నాను. అది గూగుల్ ఖాతాలోనే ఉంటుంది, తెరిచి చూసే ఓపిక ఉండాలి అంతే. వాడు లాప్‌టాప్ తిప్పి నా ముందు పెట్టాడు. 'ఆవకాయ ఎలా పెట్టాలి'. 'ఆవకాయలో నూనె తేలకపోతే'. 'ఆవకాయకు ఏ మామిడికాయ మంచిది'. ఇంకొంచెం కిందికి వెళ్తే 'ఆవకాయ్ బిర్యానీ పాటలు'. అది 2008లో అనీష్ కురువిల్లా తీసిన సినిమా. న్యూజెర్సీలో ఎవరో పాటలు వినబోయి మావాడి ప్రకటన మీద నొక్కితే, ఆ నొక్కుడికి తెనాలిలో డబ్బు కట్టారన్నమాట. ఏజెన్సీవాళ్లు ఒక్క 'ఆవకాయ' ఇచ్చి బ్రాడ్ మ్యాచ్‌లో వదిలేశారు. అంటే ఆ మాటకు దగ్గరగా తోచిన ప్రతి వెతుకులాటకూ గూగుల్ తన బుద్ధి కొద్దీ ప్రకటన చూపిస్తుంది.

నేను కాలమ్ రాయకముందు బెజవాడలో ఒక పత్రికలో క్లాసిఫైడ్స్ కౌంటర్‌లో కూర్చునేవాణ్ణి. గడులున్న ఫారం ఉండేది. గడికో మాట, మాటకింత రేటు. జనం కౌంటర్ దగ్గరే నిలబడి మాటలు కొట్టేసుకునేవాళ్లు. 'అందమైన' పోయేది, 'విశాలమైన' పోయేది, పెళ్లి ప్రకటనల్లో 'సంప్రదాయ కుటుంబం' పోయి గోత్రం మిగిలేది. ఒక రిటైర్డ్ తాసిల్దారుగారు మాత్రం ఎప్పుడొచ్చినా మాటలు పెంచేవారు. సత్యనారాయణపురంలో ఇల్లు, మేడ మీద వాటా. అద్దెకు ఇవ్వబడును అంటే సరిపోయేచోట 'శాకాహారులకు మాత్రమే' అని రాయించారు. 'స్కూటరుకు చోటు లేదు' అని రాయించారు. 'మునిసిపల్ నీళ్లు ఉదయం మాత్రమే' అని కూడా చేర్చారు.

"ఇన్ని లోపాలు డబ్బిచ్చి మరీ చెప్పుకోవడం ఎందుకండీ?" అని అడిగాను.

"ఈ మాటలు లేకపోతే ఇరవైమంది వస్తారయ్యా. ప్రతివాడికీ నేను మెట్లు దిగి తలుపు తియ్యాలి, వాటా చూపించాలి, చివర్న స్కూటరెక్కడ పెట్టాలని వాడు అడగాలి. ఈ మూడు మాటల డబ్బు నా మోకాళ్ల కోసం" అన్నారు.

రావాల్సినవాణ్ణి పిలవడం అందరూ చేస్తారు. రాకూడనివాణ్ణి గుమ్మం దాకా రానివ్వకపోవడానికి ఆయన డబ్బు పెట్టారు. గూగుల్‌లో నెగెటివ్ కీవర్డ్ చేసేదీ ఆ పనే, పైగా దానికి పైసా కట్టక్కర్లేదు. 'ఎలా', 'తయారీ', 'పాటలు', 'సినిమా' అని తెలుగులోనూ ఇంగ్లిషులోనూ చేర్చితే చాలు. మావాడి ఖాతాలో ఆ పట్టీ ఖాళీగా ఉంది.

ఇక బింగ్ సంగతి. అక్కడ పోటీపడే ప్రకటనదారులు తక్కువ కాబట్టి వేలం మెత్తగా సాగుతుంది, క్లిక్కు చవకవుతుంది. విండోస్ కంప్యూటర్లలో ఎడ్జ్ తెరిస్తే అడగకుండానే పలికేది బింగే, కాబట్టి అమెరికా ఆఫీసు డెస్కుల దగ్గర దానికి జనం ఉన్నారు. అదే ప్రకటన గుంటూరు కోసమైతే నేను బింగ్ పేరు ఎత్తేవాణ్ణి కాదు. కానీ చూడాల్సింది క్లిక్కు ధర కాదు. ఉదాహరణకు గూగుల్‌లో క్లిక్కు 80 రూపాయలై, 40 మందికి ఒకరు కొంటే ఆర్డరుకు 3,200 పడుతుంది. బింగ్‌లో క్లిక్కు 50 అయినా 100 మందికి ఒకరే కొంటే 5,000. ఏ అంకె ఎటు తేలుతుందో వాడి సొంత లెక్కే చెప్పాలి.

రిపోర్టులో ఒక వరస ఆకుపచ్చగా మెరిసిపోతోంది. మావాడి దుకాణం పేరునే కీవర్డ్‌గా కొన్న వరస అది. పెట్టింది తక్కువ, ఆర్డర్లు బోలెడు. ఏజెన్సీవాళ్లు దాని చుట్టూ గుండ్రంగా గీత కూడా గీశారు. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. దుకాణం పేరు పూర్తిగా టైపు చేసినవాడు ప్రకటన లేకపోయినా కిందున్న ఉచిత లింకు నొక్కి వచ్చేవాడే కదా! ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ ఈబే 2012లో యాహూ, ఎంఎస్‌ఎన్‌లలో తన పేరు మీద ప్రకటనలు ఆపేసి చూసింది. పోయిన క్లిక్కుల్లో 99.5 శాతం ఉచిత లింకుల ద్వారా వెనక్కి వచ్చేశాయి. తర్వాత గూగుల్‌లో మామూలు మాటల ప్రకటనలను కూడా అమెరికాలో కొన్ని ప్రాంతాల్లో ఆపితే, తరచూ కొనేవాళ్ల కొనుగోళ్లు తగ్గలేదు. ఆ ప్రకటనలు పనికొచ్చింది ఈబే అలవాటు లేనివాళ్ల దగ్గరే. టాడెలిస్, నోస్కో, బ్లేక్ రాసిన ఆ పరిశోధన 2015లో ఎకనోమెట్రికా పత్రికలో వచ్చింది. 

ఆ వరస కొట్టెయ్యమని చెప్పడానికి పెన్ను తీశాను కూడా. ఎందుకైనా మంచిదని డాలస్‌లో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేసి, వాడి దుకాణం పేరు గూగుల్‌లో కొట్టి ఫొటో పంపమన్నాను. మావాడి ప్రకటన కింద ఇంకో పచ్చళ్లవాడి ప్రకటన ఉంది. అంటే మనవాడు తప్పుకుంటే ఆ పై మెట్టు వాడిదే. పక్కవాడి పేరు మీద వేలం పాడటం ఈ సంతలో మామూలే. మన దగ్గర అగర్వాల్ ప్యాకర్స్ పేరు గొడవలో 2023లో ఢిల్లీ హైకోర్టు ఒక తీర్పిచ్చింది. ఒకరి ట్రేడ్‌మార్కును ఇంకొకరు కీవర్డ్‌గా వాడినంత మాత్రాన తప్పు కాదు, జనం తికమకపడితే తప్పు అని. ఈబేని అందరూ ఎరుగుదురు, పేరు వదిలేసినా నడిచింది. తెనాలి పచ్చళ్లవాడికి అంత ధీమా ఎక్కడిది?

"అంటే నా పేరుకు నేనే అద్దె కట్టాలా మామయ్యా?"

"కట్టు. కానీ ఆ ఆర్డర్లను ప్రకటన సంపాదించిన ఆర్డర్లని రాయకు. ఆ వరసను వేరే కాగితం మీద పెట్టించు. అది తీసేశాక గూగుల్, బింగ్ లెక్కలు పక్కపక్కన పెట్టుకుని నా దగ్గరికి రా."

ఏజెన్సీకి ఫోన్ చేశాడు. అలా విడదీసి ఇవ్వడానికి అదనంగా చార్జీ అవుతుందన్నారట.