డొల్ల మోగే చెక్కనేలకు సూదిమందు

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి ఊళ్లలో స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లలో చెక్కనేల మామూలైపోయింది. అక్కడ చాలా ఇళ్లను మట్టి మీద కాంక్రీటు స్లాబ్ పోసి, దాని మీదే కడతారు. కాంక్రీటులోకి మేకు దిగదు కాబట్టి ఇంజనీర్డ్ చెక్క పలకల్ని జిగురుతో అతికిస్తారు. గృహప్రవేశమై, ఇల్లు ఒక ఎండాకాలం ఏసీని, ఒక చలికాలం హీటరును చూశాక హాల్లో ఎక్కడో ఒకచోట అడుగు చప్పుడు మారుతుంది. పక్క పలక గట్టిగా, బరువుగా పలికితే ఇది డబ్‌మని డొల్లగా పలుకుతుంది.

ఇంజనీర్డ్ చెక్క అంటే నకిలీ చెక్క కాదు. పైన పల్చగా అసలైన ఓక్‌, వాల్‌నట్ పొర ఉంటుంది. దాని కింద ఎక్కువగా ప్లైవుడ్ పొరలు ఒకదానికొకటి అడ్డంగా అంటించి ఉంటాయి. ఆ అడ్డు అమరిక వల్లే తేమకు ఉబ్బడం, ఎండకు ముడుచుకోవడం నిండుచెక్కలో కంటే తక్కువ. అయినా కింద జిగురు అందని చోట గాలి మిగిలిపోతుంది. డొల్ల చప్పుడు ఆ గాలిదే.

జిగురు అందకపోవడంలో తప్పు ఎక్కువసార్లు చెక్కది కాదు, చేతిది. పది అడుగుల నిడివిలో 3/16 అంగుళం కంటే ఎగుడుదిగుడు ఉండకూడదన్నది అమెరికాలో నేల పరిచేవాళ్లు పాటించే లెక్క. తొందరలో స్లాబులోని పల్లాన్ని పూడ్చకుండా వదిలేస్తారు. పళ్ల తాపీతో జిగురు చారలు చారలుగా పరిచి, పలక వేసేలోగా ఫోను మాట్లాడితే పైన తెట్టె కట్టేస్తుంది. ఇక ఆ జిగురు పలకను పట్టదు. తాపీ పళ్లు అరిగిపోయినా పరిచే జిగురు తగ్గుతుంది. గోడల పనిలో స్లాబ్ మీద చిందిన పూతను గీకకపోతే జిగురు కాంక్రీటును వదిలి ఆ పూతనే పట్టుకుంటుంది. మన దగ్గర టైల్స్ మేస్త్రీ రబ్బరు సుత్తితో తట్టి, డొల్ల మోగితే పచ్చిగా ఉండగానే టైలు లేపి సిమెంటు పాలు పోసి మళ్లీ కూర్చోబెడతాడు. జిగురు ఆరిపోయిన చెక్కకు ఆ వెసులుబాటు లేదు.

అయితే చప్పుడు వినగానే డ్రిల్లు పట్టుకోనక్కర్లేదు. పలక కాలికింద దిగుతోందా, అంచు లేస్తోందా, కిర్రుమంటోందా అన్నదే అసలు పరీక్ష. కదలకుండా కేవలం డొల్లగా మోగే పలక ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు. చాలా కంపెనీలు దాన్ని లోపంగా లెక్కించవు కూడా. కదిలే పలక సంగతి వేరు. అది రోజూ పక్క పలకల జాయింట్లను నలుపుతూ ఉంటుంది.

అలాంటి పలకను కన్నం పెట్టి, కిందికి జిగురెక్కించి బాగు చేయవచ్చు. ఈ మరమ్మతు వెనక పాత వడ్రంగి విద్య ఒకటి ఉంది. తోళ్లు, ఎముకలు ఉడికించి తీసిన సరేసుతో బల్లలకు, బీరువాలకు పల్చటి చెక్కపొర (వెనీర్) అంటించిన కాలంలో అక్కడక్కడా పొర బుడగలా లేచేది. పనివాడు గోటితో తట్టి బుడగ హద్దు తేల్చుకునేవాడు. చెక్క చారల వెంబడి సన్నగా కోత పెట్టి, పల్చటి కత్తి మొనతో వేడి సరేసు లోపలికి పంపి, కాగితం వేసి వెచ్చని దిమ్మెతో బిగించేవాడు. సరేసు వేడికి మళ్లీ కరుగుతుంది గనక ఒక్కోసారి తడిగుడ్డ మీద ఇస్త్రీ పెట్టినా చాలు, పాత జిగురే మళ్లీ పట్టేది. నేటి చెక్కనేలలకు వాడే యురేథేన్ జిగురుకు ఆ గుణం లేదు. ఒకసారి గట్టిపడిందా, అంతే. అందుకే ఇప్పుడు కొత్త జిగురును సిరంజితో లోపలికి పంపుతున్నారు.

పని మొదలుపెట్టే ముందు ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. టీవీ, ఏసీ ఆపి, చెక్కపిడితోనో వేలి కణుపుతోనో తట్టుతూ, చప్పుడు మారిన గీత వెంబడి పెయింటర్లు వాడే టేపు అంటించుకుంటూ పోవాలి. ఈ పటం గీయడానికి పట్టే సమయం వృథా కాదు, సగం పని అదే. కన్నం పెట్టేచోట కూడా టేపు వేస్తే చెక్క పెచ్చులూడదు. చెక్కలోని నల్లచారలోనో, ముడి పక్కనో పెడితే తర్వాత కంటికి ఆనదు. కన్నం 1/8 అంగుళానికి మించక్కర్లేదు. పలక మందం దగ్గర డ్రిల్ బిట్‌కు టేపు ముక్క చుట్టుకోవాలి, అక్కడ ఆగిపోవాలి. టెక్సస్ ఇళ్లలో చాలా స్లాబుల లోపల బిగించి లాగిన ఉక్కు తాళ్లుంటాయి. కాంక్రీటుతో చెలగాటం వద్దు. నేలకింద వేడి గొట్టాలున్న ఇంట్లో అసలు డ్రిల్లే వద్దు.

కన్నాలు రెండు కావాలి. ఒకటి జిగురు వెళ్లడానికి, ఇంకొకటి గాలి బయటికి పోవడానికి. పొట్టు వ్యాక్యూమ్‌తో లాగేసి, ఇంజనీర్డ్ చెక్క మరమ్మతుకని అమ్మే పల్చటి జిగురును నెమ్మదిగా ఎక్కించాలి. రెండో కన్నంలో తొంగిచూసిందంటే చాలు. ఎక్కనని మొరాయిస్తే బలవంతం చేయకూడదు, మరోచోట కన్నం పెట్టాలి. నురుగులా పొంగే జిగురు వాడితే పలకే గూనిలా లేస్తుంది. పైకి వచ్చిన జిగురును తయారీదారు చెప్పిన ద్రవంతో వెంటనే తుడవాలి; ఆరాక దాన్ని గీకితే నేల మెరుపు కూడా పోతుంది. ఆపైన ప్లాస్టిక్ కాగితం, చదునైన ప్లైవుడ్ ముక్క, బరువు పెట్టి ఒక రోజు వదిలెయ్యాలి. బరువు కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, తెలుగింట్లో బియ్యం బస్తాలకు కొదవా? చివరగా రంగు కలిసిన మైనంతో కన్నాలు పూడ్చి మళ్లీ తట్టి చూడాలి.

ఇది అన్ని జబ్బులకూ మందు కాదు. గది గదంతా డొల్ల మోగితే, కింది నుంచి తేమ వస్తుంటే, సిరంజి పని చేయదు. జిగురు లేకుండా పరిచిన తేలే నేలకు ఆ చప్పుడు సహజం. పలకలోని పొరలే విడిపోతే ఆ పలకను కోసి తీసి కొత్తది వెయ్యాలి. వారంటీ గడువులో ఉంటే మీరు చేయి పెట్టకముందే పరిచినవాళ్లను పిలవండి. సొంత మరమ్మతు చేశారని తెలిస్తే కంపెనీ చేతులు దులుపుకోవచ్చు. ఇంకో మాట: నేల పరిచిన రోజు మిగిలిన పలకల పెట్టెను పారెయ్యనివ్వకండి. అదే రంగు, అదే విడత పలక తర్వాత బజారులో దొరక్కపోవచ్చు.